ఒంటరి గుడారం: అండమాన్ రోడ్డు మీద ఒక పాఠం

"మీది ఏ ఊరు?" అని అడిగితే మన బడిలో చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు. పుట్టింది ఒక ఊళ్ళో, ఒకటో తరగతి ఇంకో ఊళ్ళో, ఇప్పుడు చదువుతున్నది ఈ దీవిలో. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తే మళ్ళీ పెట్టెలు కట్టాలి. అందుకే కొత్త చోటికి వెళ్ళడం, కొన్నాళ్ళు ఉండడం, వదిలి రావడం అనే మూడు పనులూ మనకు బాగా అలవాటు.

ఈ మూడు పనులనూ కొద్ది రోజుల్లోనే చేసే ప్రయాణం ఒకటి ఉంది. ఒక మనిషి ఒంటరిగా బయలుదేరి, రోడ్డు వెంట ఒక్కొక్క జాతీయ ఉద్యానవనాన్నీ చూస్తూ, రాత్రికి గుడారం వేసుకుని, తెల్లవారాక దాన్ని మడిచి ముందుకు సాగడం. అమెరికా వంటి దేశాల్లో ఇలా తిరిగేవారు చాలామంది. మన అండమాన్‌లో అలా తిరగాలంటే ఏమి తెలిసి ఉండాలి? ఒక్క రాత్రి ఉండి వెళ్ళే మనిషి ఆ చోటికి ఏమి బాకీ పడతాడు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. ఇది పెద్దలు చేసే ప్రయాణం. మనం పిల్లలం కాబట్టి అండమాన్ పటాన్ని బల్ల మీద పరచి, పెన్సిలుతో గీత గీస్తూ దక్షిణం నుంచి ఉత్తరానికి వెళదాం.

1. ఉద్యానవనం అంటే ఎవరి తోట?

"ఉద్యానవనం" అనగానే మనకు ఊయలలు, పూల మొక్కలు గుర్తొస్తాయి. జాతీయ ఉద్యానవనం అలాంటిది కాదు. ఒక ప్రాంతంలోని అడవి, నీళ్ళు, జంతువులు, పక్షులు అన్నిటినీ కలిపి చట్టం కాపాడే చోటు అది. ప్రపంచంలో మొదటిది అమెరికాలోని ఎల్లోస్టోన్, 1872లో ఏర్పడింది. మన దేశంలో మొదటిది 1936లో హిమాలయాల అడుగున ఏర్పడిన హెయిలీ ఉద్యానవనం. ఇప్పుడు దాన్ని కార్బెట్ జాతీయ ఉద్యానవనం అంటున్నాం.

అమెరికాలో రాష్ట్రాలు నడిపే ఉద్యానవనాలు వేరు, కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ ఉద్యానవనాలు వేరు. యోసెమిటీ లోయ కథ చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 1864లో ఆ లోయను కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించారు. 1890లో దాని చుట్టూ ఉన్న కొండలు జాతీయ ఉద్యానవనం అయ్యాయి. 1903 మే నెలలో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ అక్కడ మూడు రాత్రులు ఆరుబయట పడుకున్నారు. అందులో ఒక రాత్రి మంచు కురిసింది. లోయను కూడా జాతీయ ఉద్యానవనంలో కలపాలని మ్యూర్ కోరిక. 1906లో అది నెరవేరింది. ఒక చోటును కాపాడాలంటే దాన్ని దగ్గరగా చూసినవాళ్ళు కావాలని ఈ కథ చెబుతుంది.

మన దేశంలో దీనికి ఆధారం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. అభయారణ్యానికైనా, జాతీయ ఉద్యానవనానికైనా అనుమతి తీసుకునే లోపలికి వెళ్ళాలి. అండమాన్ కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఇక్కడ ఆ అనుమతులు చూసేది దీవుల పరిపాలనలోని అటవీశాఖ. లోపల నిప్పు పెట్టకూడదు. ఆయుధం తీసుకెళ్ళకూడదు. చెట్టుకూ జంతువుకూ హాని చేయకూడదు.

ఆ చట్టంలో మరో మంచి మాట ఉంది. అభయారణ్యంలో నివసించే ప్రతి మనిషికీ అది కొన్ని పనులు అప్పగిస్తుంది. కళ్ళ ముందు నేరం జరుగుతుంటే ఆపాలి. జంతువు చనిపోయి కనిపిస్తే అధికారులకు చెప్పాలి. నిప్పు కనిపిస్తే ఆర్పాలి. అంటే అక్కడ ఉండే మనిషి అక్కడి కాపలాదారు కూడా. ఒక్క రాత్రి ఉండే మన ప్రయాణికుడు కూడా ఈ పనులు తనవే అనుకోవాలి. పక్కన ఇంకెవరూ ఉండరు కాబట్టి తప్పు చేసినా చూసేవారు లేరు, కాపాడినా మెచ్చుకునేవారు లేరు. ఒంటరి ప్రయాణంలో అసలు పరీక్ష అదే.

2. బయలుదేరే ముందు

మొదటి పని అనుమతి. భారతీయులు అండమాన్‌లోని సాధారణ ప్రాంతాలకు ప్రత్యేక అనుమతి లేకుండానే వెళ్ళవచ్చు. ఉద్యానవనాలకు అటవీశాఖ అనుమతి కావాలి. గిరిజనుల రిజర్వు ప్రాంతాల్లో అడుగు పెట్టకూడదు. గుడారం కూడా ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు, ముందుగా అడగాలి. అనుమతి దొరకని చోట విడిది గృహాలు ఉన్నాయి. రంగత్ దగ్గర ప్రభుత్వ విడిదికి "హాక్స్‌బిల్ నెస్ట్" అనీ, కాలీపూర్‌లో దానికి "టర్టిల్ రిసార్ట్" అనీ పేర్లు. రెండూ తాబేళ్ళ పేర్లే. ఎందుకో ఏడో భాగంలో తెలుస్తుంది.

రెండో పని, మన దారి ఒక మనిషికి చెప్పడం. ఏ రోజు ఎక్కడ ఉంటాం, ఎప్పటికి తిరిగి వస్తాం, రాకపోతే ఎవరికి ఫోను చేయాలి అన్నవి కాగితం మీద రాసి ఇవ్వాలి. దీవుల్లో చాలా చోట్ల ఫోను పనిచేయదు. ఒంటరిగా వెళ్ళే మనిషికి ఆ కాగితమే తోడు.

మూడో పని, పొద్దు లెక్క. దీన్ని మనమే కట్టి చూద్దాం. భారత ప్రామాణిక సమయాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద లెక్కిస్తారు. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ సుమారు 92 డిగ్రీల 45 నిమిషాల దగ్గర ఉంది. (2024లో ఈ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు.) తేడా 10 డిగ్రీల 15 నిమిషాలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇక్కడ సూర్యుడు ఆ రేఖ కంటే సుమారు 41 నిమిషాలు ముందే ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. గడియారం మాత్రం దేశమంతటా ఒకటే. అందుకే డిసెంబరులో ఇక్కడ సాయంత్రం సుమారు 5 గంటలకే పొద్దుగుంకుతుంది. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవారు "ఇంకా నాలుగేగా" అనుకుంటారు, కాసేపటికే చీకటి పడిపోతుంది. గుడారం వేసే పని మూడున్నరకల్లా మొదలుపెట్టాలి.

నాలుగో పని, వాన లెక్క. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నెల నుంచి నైరుతి రుతుపవనాలు, తర్వాత ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. గుడారంతో తిరగడానికి జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు మేలు.

3. వండూర్: రాత్రి ఉండకూడని చోటు

మన పెన్సిలు గీత పోర్ట్ బ్లెయిర్ నుంచి మొదట నైరుతి వైపు, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వండూర్‌కు వెళుతుంది. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనానికి ఇదే వాకిలి. దాని విస్తీర్ణం సుమారు 281 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం నీరే. మధ్యలో పదిహేను దీవులు ఉన్నాయి.

సందర్శకులు వెళ్ళేది ముఖ్యంగా జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవులకు. ఒకటి తెరిచి ఉన్న కాలంలో రెండోది మూసి ఉంటుంది. పగడపు దిబ్బలకు విశ్రాంతి ఇవ్వడానికే ఈ వంతు. పగడం రాయిలా కనిపిస్తుంది గానీ అది చిన్న చిన్న జీవులు కట్టుకున్న ఇల్లు. కాలు పెట్టి తొక్కితే ఎన్నో ఏళ్ళ కట్టడం ఒక్క క్షణంలో విరుగుతుంది.

జాలీ బాయ్‌కు ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. సాయంత్రానికి అందరూ పడవ ఎక్కి తిరిగి రావలసిందే. గుడారంతో వచ్చిన మనిషికి ఇక్కడ మొదటి పాఠం దొరుకుతుంది. కొన్ని చోట్లను చూసి రావాలే గానీ అక్కడ పడుకోకూడదు. మన గుడారం వండూర్ ఉద్యానవనం బయటే ఉండాలి.

ఒడ్డున ఖాళీ గవ్వ కనిపిస్తే జేబులో వేసుకోవాలనిపిస్తుంది. ఆగుదాం. ఇక్కడి ఇసుకలో సన్యాసి పీతలు తిరుగుతుంటాయి. వాటికి సొంత చిప్ప ఉండదు. ఖాళీ గవ్వలోకి దూరి కాపురం ఉంటాయి. ఒళ్ళు పెరిగితే ఇంకాస్త పెద్ద గవ్వ వెతుక్కుంటాయి. ఒక పీత పెద్ద గవ్వలోకి మారితే, అది వదిలిన గవ్వలోకి ఇంకో పీత, దాని గవ్వలోకి మరో చిన్న పీత మారుతుంది. మన క్వార్టర్ల కేటాయింపు లాగే ఒకరు ఖాళీ చేస్తేనే ఇంకొకరికి ఇల్లు. మనం జేబులో వేసుకున్న గవ్వ ఒక పీతకు దక్కకుండా పోయిన క్వార్టరు.

4. మౌంట్ మణిపూర్: పాత నోటు మీద కొండ

పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి వచ్చి, చాథం జెట్టీ నుంచి బాంబూ ఫ్లాట్‌కు ఫెర్రీలో దాటితే ఇంకో జాతీయ ఉద్యానవనం వస్తుంది. ఎర్రని పాత ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఉంటే తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా దీపస్తంభం ఉన్న ఆ దృశ్యం ఈ కొండ మీది నుంచి కనిపించేదే.

చాలాకాలం ఈ కొండను మౌంట్ హారియట్ అన్నారు. 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. 1891లో బ్రిటిష్‌వారితో పోరాడి ఓడిన మణిపూర్ మహారాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన అనుచరులను ఈ దీవులకు పంపారు. వారి జ్ఞాపకార్థమే కొత్త పేరు. మన ప్రయాణికుడు ఇష్టపడి ఇక్కడికి వచ్చాడు. వాళ్ళను బలవంతంగా తెచ్చారు. అందమైన దారిలో నడిచేటప్పుడు ఆ దారి చరిత్ర కూడా తెలిసి ఉండడం మంచిది.

అడవి లోపలి బాటలో పడౌక్, గర్జన్ వంటి ఎత్తైన చెట్లు కనిపిస్తాయి. ప్రధాన భూభాగంలో అడవిలో పడుకునే మనిషికి పులి, చిరుత, ఎలుగుబంటి భయం ఉంటుంది. అమెరికాలో ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయని తిండిని గుడారంలో పెట్టుకోరు, ఇనుప పెట్టెల్లో దాస్తారు. అండమాన్ అడవుల్లో ఈ మూడూ లేవు. అలాగని భయం లేదనుకోకూడదు. ఇక్కడ నాగుపాములు ఉన్నాయి, జెర్రులు ఉన్నాయి. ఒడ్డున ఇసుక ఈగలు కుడతాయి, ఆ దురద రోజుల తరబడి పోదు. గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి. బూట్లు తొడుక్కునే ముందు దులపాలి. రాత్రి టార్చి లేకుండా అడుగు బయట పెట్టకూడదు.

5. జిర్కటాంగ్: ఒంటరి ప్రయాణం ఆగే చోటు

ఇప్పుడు పెన్సిలు ఉత్తరానికి తిప్పుదాం. మనం వెళ్ళే దారి పేరు అండమాన్ ట్రంక్ రోడ్డు. ఇప్పుడు అది జాతీయ రహదారి 4. పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్ దాకా 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

జిర్కటాంగ్ దగ్గర గేటు ఉంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు, ఇంచుమించు 50 కిలోమీటర్లు, రోడ్డు జారవా ప్రజల రిజర్వు గుండా పోతుంది. ఇక్కడ ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. రోజులో నిర్ణయించిన సమయాల్లోనే వాహనాలన్నీ కాన్వాయ్‌గా, పోలీసు కాపలాతో కదులుతాయి. దారిలో ఆగకూడదు. వాహనం దిగకూడదు. ఫోటోలు తీయకూడదు. జారవాలకు తిండి గానీ, బట్ట గానీ, మరేదైనా గానీ ఇవ్వకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం వీటిని మీరితే జైలు శిక్ష కూడా పడవచ్చు.

ఎందుకింత కట్టుదిట్టం? జారవాలు వేల ఏళ్ళుగా ఈ అడవిలో వేటాడి, కందమూలాలు, తేనె సేకరించి జీవిస్తున్నవారు. వారి సంఖ్య కొన్ని వందలే. 1997 చివరి వరకు వారు బయటివారికి దూరంగా ఉన్నారు. ఆ తర్వాత అడవి బయటికి రావడం మొదలైంది. 1999లో వారిలో తట్టు వ్యాధి వ్యాపించింది. మనం చిన్నప్పుడే టీకా వేయించుకుని మరిచిపోయే జబ్బు అది. అలాంటి జబ్బులు ఎన్నడూ ఎరగని మనుషులకు అవి ప్రాణాంతకం కావచ్చు. కారు కిటికీలోంచి మనం ప్రేమగా ఇచ్చిన బిస్కెట్టు వారికి మేలు చేస్తుందన్న నమ్మకం లేదు.

ఇందులో తేలిక జవాబు లేని ప్రశ్న ఒకటి ఉంది. 2002లో సుప్రీంకోర్టు ఈ రోడ్డులోని కొన్ని భాగాలను మూసివేయాలని ఆదేశించింది. ఉత్తరాన ఉన్న ఊళ్ళవారికి ఆసుపత్రికి, బడికి, బజారుకు ఈ రోడ్డే దారి. జారవాలకు అది ఇంటి మధ్యలోంచి వేసిన రోడ్డు. ఇద్దరి అవసరమూ నిజమే. పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్‌కు, మాయాబందర్‌కు, డిగ్లీపూర్‌కు నౌకలు కూడా ఉన్నాయి. కేవలం చూసి రావడానికి వెళ్ళే మనిషి నౌక ఎక్కితే ఈ రోడ్డు మీద ఒక బండి తగ్గుతుంది.

రోడ్డున వెళ్ళవలసి వస్తే కిటికీ మూసి, కెమెరా సంచిలో పెట్టి, ముందు చూసుకుంటూ వెళ్ళిపోవాలి. వారు కనిపిస్తారేమో అని వెతకకూడదు. మన ఇంటి ముందు రోజూ వందమంది ఆగి కిటికీలోంచి తొంగి చూస్తే మనకు ఎలా ఉంటుంది?

6. బారాటాంగ్ నుంచి మాయాబందర్ దాకా: గుడారం ఎక్కడ?

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర ఫెర్రీ ఎక్కితే బారాటాంగ్ దీవి. ఇక్కడ బురద అగ్నిపర్వతాలు ఉన్నాయి. పేరులో అగ్ని ఉన్నా నిప్పు ఉండదు. భూమి లోపలి వాయువులు బురదను పైకి నెట్టి చిన్న గుట్టలా చేస్తాయి. మడ అడవుల మధ్య పడవలో వెళితే సున్నపురాయి గుహలు వస్తాయి. అక్కడి నుంచి హంఫ్రీ జలసంధి దాటి మధ్య అండమాన్‌లోకి వెళితే కదంతల, రంగత్, ఆపైన మాయాబందర్.

గుడారం ఎక్కడ వేయాలో నేర్చుకోవడానికి ఇది సరైన చోటు. నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది, మొసలి. ఉప్పునీటి మొసళ్ళు మడ అడవుల్లో, క్రీకుల్లో ఉంటాయి. క్రీకు అంటే సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చే పాయ. సముద్రంలోనూ ఈదుతాయి. 2010లో హావ్‌లాక్ దీవి దగ్గర ఈదుతున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలికి బలైంది. కాబట్టి క్రీకు ఒడ్డున గుడారం వేయకూడదు. చేపల గిన్నెలు అక్కడ కడగకూడదు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీళ్ళలో దిగకూడదు.

రెండోది, పోటు. పోటుకూ ఆటుకూ మధ్య ఇక్కడ నీటిమట్టం సుమారు రెండు మీటర్ల దాకా మారుతుంది. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ. ఇసుక మీద ఎండిన ఆకులు, నాచు ఒక గీతలా పేరుకుని ఉంటాయి. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఆ గీత చెబుతుంది. గుడారం దానికి చాలా పైన ఉండాలి.

మూడోది, చెట్టు. కొబ్బరిచెట్టు కింద నీడ బాగుంటుంది, కాయ పడితే బాగుండదు. ఎండిన కొమ్మల కింద కూడా వద్దు.

నాలుగోది, భూకంపం. ఈ దీవులు ప్రమాదం ఎక్కువ ఉన్న భూకంప మండలంలో ఉన్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నికోబార్ నేల కుంగింది, ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. నేల గట్టిగా కంపిస్తే ఎవరి హెచ్చరిక కోసమూ చూడకూడదు. గుడారాన్ని అక్కడే వదిలి ఎత్తైన చోటికి వెళ్ళాలి. పగలే ఆ ఎత్తు చోటు ఏదో చూసి పెట్టుకోవాలి.

ఇవన్నీ పుస్తకం కంటే బాగా చెప్పగలిగేది ఊరివాళ్ళు. ఈ దారిలో దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు, అడవి పనులకు ఛోటానాగ్‌పూర్ నుంచి వచ్చిన రాంచీవాళ్ళు, 1925లో బర్మా నుంచి వచ్చి మాయాబందర్ దగ్గర వేబీలో స్థిరపడిన కరెన్ ప్రజలు ఉన్నారు. తెలుగువాళ్ళూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. "ఇక్కడ పడుకోవచ్చా అన్నా?" అని తెలుగులో అడిగినా జవాబు దొరికే అవకాశం ఉంది. ఒంటరి ప్రయాణికుడు నోరు విప్పి అడగడం నేర్చుకోవాలి.

7. కాలీపూర్: దీపం ఆర్పాల్సిన తీరం

చెంగప్ప వంతెన మీదుగా ఆస్టిన్ జలసంధి దాటితే ఉత్తర అండమాన్. డిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్ తీరానికి గుడ్లు పెట్టడానికి నాలుగు రకాల సముద్ర తాబేళ్ళు వస్తాయి. ఆలివ్ రిడ్లీ, పచ్చ తాబేలు, డేగముక్కు తాబేలు, తోలు తాబేలు. డేగముక్కు తాబేలునే హాక్స్‌బిల్ అంటారు. రంగత్ విడిది పేరు ఇప్పుడు అర్థమైంది కదా!

తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, కప్పి వెళ్ళిపోతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. చీకటి రాత్రి అన్నిటికంటే వెలుతురుగా కనిపించేది సముద్రం మీది ఆకాశమే. పిల్లలు ఆ వెలుగు వైపే పాకుతాయి. ఒడ్డున ఎవరైనా చలిమంట వేసినా, గుడారంలో తెల్లని లైటు పెట్టినా అవి అటు తిరుగుతాయి. తెల్లవారేసరికి ఎండకు ఎండిపోతాయి, లేదా కుక్కలకూ కాకులకూ చిక్కుతాయి. మనం ఏ చెడూ తలపెట్టలేదు, పుస్తకం చదువుకోవడానికి దీపం పెట్టామంతే. నష్టం మాత్రం జరిగిపోయింది.

గుడ్లు పెట్టే కాలంలో తీరం మీద గుడారం వద్దు. గూడు ఎక్కడుందో మన కంటికి కనిపించదు. తాబేళ్ళను చూడాలంటే అటవీ సిబ్బందితో వెళ్ళి, దూరంగా నిలబడి, మాట్లాడకుండా చూడాలి.

నిజానికి ఈ తీరాల్లో మనకంటే గొప్ప ఒంటరి ప్రయాణికులు ఈ తాబేళ్ళే. చిన్న అండమాన్‌లో శాస్త్రవేత్తలు కొన్ని తోలు తాబేళ్ళకు ఉపగ్రహ పరికరాలు అమర్చి వాటి దారి గమనించారు. కొన్ని ఆగ్నేయంగా ఆస్ట్రేలియా వైపు వెళ్ళాయి. ఒకటి 13,000 కిలోమీటర్లకు పైగా ఈది ఆఫ్రికాలోని మొజాంబిక్ తీరం చేరింది. తోడు లేదు, పటం లేదు. గుడ్లు పెట్టే కాలానికి మాత్రం ఇసుక తీరం కావాలి. ఆ తీరాన్ని చీకటిగా, శుభ్రంగా ఉంచడమే మనం చేయగల సాయం.

8. శాడిల్ పీక్: చివరి ఎక్కుడు

గీత చివరికి వచ్చాం. శాడిల్ పీక్ అండమాన్‌లో ఎత్తైన శిఖరం, 732 మీటర్లు. దాని చుట్టూ జాతీయ ఉద్యానవనం ఉంది. అక్కడ పుట్టే కల్పోంగ్ నది మీద దీవుల్లోని జలవిద్యుత్ కేంద్రం నడుస్తోంది. డిగ్లీపూర్‌లో వెలిగే దీపం కొంత ఈ అడవి చలవే.

లామియా బే నుంచి శిఖరానికి ఒకవైపు సుమారు 8 కిలోమీటర్ల నడక. అటవీశాఖ వద్ద పేరు రాయించుకుని వెళ్ళాలి, చీకటి పడకముందే దిగి రావాలి. ఒంటరిగా వచ్చినవారు కూడా దారి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళడం మేలు. తాగే నీళ్ళు మూడు లీటర్లకు తక్కువ కాకుండా మోసుకెళ్ళాలి. పైకి వెళ్ళిన ప్రతి కాగితం, ప్రతి సీసా మనతోనే కిందికి రావాలి.

మన ప్రయాణంలో లెక్క చూస్తే ఇలా ఉంది. ఒక చోట రాత్రి ఉండనివ్వలేదు. ఒక చోట ఒంటరిగా వెళ్ళనివ్వలేదు. ఒక చోట దీపం ఆర్పమన్నారు. ఇవన్నీ అడ్డంకుల్లా కనిపిస్తాయి. ప్రతిదాని వెనుక అక్కడ ముందునుంచీ ఉంటున్నవారు ఉన్నారు. పగడాలు, పీతలు, జారవాలు, తాబేళ్ళు. ఎవరి ఇంటికి వచ్చామో తెలుసుకుని, వారికి ఇబ్బంది లేకుండా ఉండి వెళ్ళడమే ప్రయాణికుడు తీర్చవలసిన బాకీ.

9. గుడారం మడిచాక

గుడారం తీసిన చోట గడ్డి నలిగి ఉంటుంది. మేకుల గుంతలు ఉంటాయి. మంచి ప్రయాణికుడు గుంతలు పూడుస్తాడు, జరిపిన రాళ్ళను పాత చోట పెడతాడు, ఒకసారి చుట్టూ తిరిగి తాడు ముక్కైనా మిగలలేదని చూసుకుంటాడు.

మనమూ ఏదో ఒక రోజు ఈ దీవి నుంచి వెళ్ళిపోతాం. క్వార్టరు అప్పగించేటప్పుడు ఇంజనీరుగారు వచ్చి ఫ్యాన్లు, కుళాయిలు లెక్క చూస్తారు. దీవిని అప్పగించేటప్పుడు లెక్క చూసేవారు ఎవరూ ఉండరు. ఒడ్డున ప్లాస్టిక్ పడేశామా, గవ్వలు పెట్టెలో దాచామా, తాబేళ్ళ తీరంలో దీపం పెట్టామా అన్నది మనకే తెలుస్తుంది. ఉన్న రెండు మూడేళ్ళలో ఒక చెట్టు పేరు, ఒక పక్షి పేరు, పక్కింటివారి భాషలో నాలుగు మాటలు నేర్చుకుని వెళితే అది మనతో వచ్చే సామాను. దానికి పెట్టె అవసరం లేదు.

కొత్త మాటలు

అభయారణ్యం: జంతువులకు భయం లేకుండా చట్టం కాపాడే అడవి
మడ అడవి: ఉప్పునీటి బురదలో పెరిగే అడవి
పోటు, ఆటు: సముద్రం పైకి రావడం, వెనక్కి తగ్గడం
జలసంధి: రెండు నేలల మధ్య సన్నని సముద్రపు పాయ
విడిది: ప్రయాణంలో కొద్దికాలం ఉండే చోటు

ఆలోచించి రాయండి

1. మీరు ఇంతకుముందు ఉన్న ఊరి రేఖాంశం పటంలో చూడండి. అక్కడికీ పోర్ట్ బ్లెయిర్‌కూ సూర్యోదయంలో ఎన్ని నిమిషాల తేడా వస్తుందో లెక్క కట్టండి.
2. గుడారం వేసే ముందు చూడవలసిన నాలుగు విషయాలు ఏవి? ఒక్కొక్కదానికి కారణం ఒక వాక్యంలో రాయండి.
3. జారవా రిజర్వు గుండా పోయే రోడ్డు గురించి ఉత్తర అండమాన్‌లోని ఒక రైతు ఏమంటాడు? అడవిలో ఉండేవారి తరఫున మీరు ఏమంటారు? తరగతిలో రెండు జట్లుగా మాట్లాడండి.
4. మీ ఇంటి దగ్గరి తీరానికి పెద్దలతో వెళ్ళి, రాత్రి వెలుతురు ఎక్కడి నుంచి పడుతోందో గమనించండి. తగ్గించగల దీపం ఒకటి ఉంటే రాయండి.
5. తర్వాత ఈ క్వార్టరులోకి వచ్చే పిల్లలకు ఈ దీవి గురించి పది వాక్యాల ఉత్తరం తెలుగులో రాసి పెట్టండి.